ఏ ఆత్మకూరు? ఏ పెన్న? ఏ ఓబులేసు?

కర్నూలు బస్టాండులో నిలబడి "ఆత్మకూరు బస్సు ఎక్కడ?" అని అడిగితే ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. నల్లమల అంచున, శ్రీశైలం అడవికి వాకిలిలా ఉన్న ఆత్మకూరే అది. అనంతపురంలో అదే మాట అడిగితే కళ్యాణదుర్గం దారి చూపిస్తారు. నెల్లూరులో అడిగితే సోమశిల వైపున్న ఆత్మకూరు. హైదరాబాదులో అడిగితే మాత్రం "ఏ ఆత్మకూరు?" అంటారు. తెలంగాణలో వనపర్తి జిల్లాలో ఒకటి, హనుమకొండ జిల్లాలో ఒకటి ఉన్నాయి. సూర్యాపేట, యాదాద్రి జిల్లాల్లో ఉన్న రెండింటికి ప్రభుత్వమే ఆత్మకూర్ ఎస్, ఆత్మకూర్ ఎం అని చెరో అక్షరం తగిలించింది.

2008 పునర్విభజన దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఆత్మకూరు పేరుతో రెండు నియోజకవర్గాలుండేవి, కర్నూలు జిల్లాలో ఒకటి, నెల్లూరు జిల్లాలో ఒకటి. తర్వాత కర్నూలుది శ్రీశైలం నియోజకవర్గంలో కలిసింది, నెల్లూరుది అలాగే ఉంది. పాత ఎన్నికల ఫలితాలు వెతికేవాళ్లు జిల్లా చూసుకోకపోతే ఒక ఊరి ఎమ్మెల్యేను ఇంకో ఊరికి అంటగడతారు.

పేరు ఒక్కటే ఊరినో మనిషినో గుర్తు పట్టిస్తుందని రాయలసీమలో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. ముందో వెనకో ఇంకో మాట ఉంటుంది. రైల్వే, పెద్ద, చిన్న, నడిపి, పక్కనున్న టౌను పేరు, ఏటి పేరు, ఇంటి పేరు. గుర్తు పట్టించేది ఆ రెండో మాటే. జనం నోట అది భద్రంగానే ఉంది. కాగితం మీదికి, కంప్యూటర్‌లోకి ఎక్కేటప్పుడు జారిపోతోంది. ఇబ్బందంతా అక్కడే మొదలవుతోంది.

రైల్వే కోడూరునే తీసుకుందాం. కృష్ణా జిల్లాలో అవనిగడ్డ వైపు, సముద్రానికి దగ్గరలో ఒక కోడూరు ఉంది. కడప వైపున్న కోడూరు మామిడి, అరటి, బొప్పాయి తోటల ఊరు. మద్రాసు నుంచి బొంబాయికి వెళ్లే రైలు మార్గం మీద స్టేషన్ ఉంది కాబట్టి ఇది రైల్వే కోడూరు అయింది. ఊరు రైలుకంటే పాతది, పేరులో మాత్రం రైలే ముందు కూర్చుంది. ఇప్పుడు ఎవరు ఎక్కడ నుంచి అడిగినా తికమక లేదు. రెండో మాట అతుక్కుపోయి పేరులో భాగమైపోయింది.

గూడూరుకు ఆ అదృష్టం పట్టలేదు. కర్నూలు జిల్లా గూడూరు నగర పంచాయతీ. రైల్వే జంక్షన్ ఉన్న గూడూరు పాత నెల్లూరు జిల్లాది. కృష్ణా జిల్లాలో ఒక గూడూరు, మహబూబాబాద్ జిల్లాలో ఇంకొకటి. రైలు టికెట్ బుక్ చేసేటప్పుడు గూడూరు అని కొడితే జీడీఆర్ అనే కోడ్‌తో వచ్చేది జంక్షన్ ఊరే. కడప జిల్లా ఖాజీపేట మైదుకూరు దారిలో ఉంటుంది, వరంగల్ పక్కనున్న కాజీపేట రైళ్లెక్కే ప్రతి ఒక్కరికీ తెలుసు. కడప జిల్లాలో పెన్న ఒడ్డుకు దగ్గరలో కమలాపురం ఉంటే, గోదావరి వైపు మంగపేట దగ్గర రేయాన్ ఫ్యాక్టరీతో పేరు తెచ్చుకున్న కమలాపురం ఇంకొకటి ఉంది. అనంతపురం జిల్లా రాయదుర్గం కోటకు శతాబ్దాల చరిత్ర ఉంది. కానీ ఈ రోజు ఫోన్‌లో రాయదుర్గం అని వెతికితే హైదరాబాద్ మెట్రో చివరి స్టేషన్ ముందు పడుతుంది. ఎక్కువమంది వెతికే ఊరే పైకి వస్తుంది కాబట్టి, పేరు పంచుకున్న ఊళ్లలో చిన్నది వెనక్కి పోతుంది. సీమ ఊళ్లకు ఇది నిజంగా జరుగుతున్న నష్టం.

ఒకే జిల్లాలో ఒకే పేరున్న ఊళ్లదింకో కథ. ఎమ్మిగనూరు దగ్గర నందవరం మండల కేంద్రం. బనగానపల్లె దగ్గర నందవరం చౌడేశ్వరీదేవి ఆలయంతో ప్రసిద్ధం. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడేదాకా రెండూ కర్నూలు జిల్లావే. ఉత్తరం మీద "నందవరం, కర్నూలు జిల్లా" అని మాత్రమే రాస్తే ఎటు పోవాలో తేల్చేది పిన్‌కోడే. జిల్లాలు విడిపోవడం ఈ ఒక్క విషయంలో మేలు చేసింది.

దగ్గర దగ్గరగా ఉన్న ఊళ్లు పేరు పంచుకున్నప్పుడు జనం పెద్ద, చిన్న అని తీర్పు చెప్పేశారు. ఆదోని వైపు పెద్ద తుంబళం, చిన్న తుంబళం. తాడిపత్రి వైపు పెద్దపప్పూరు, చిన్నపప్పూరు. జమ్మలమడుగు వైపు పెద్దపసుపుల, చిన్నపసుపుల. వీటిలో పెద్ద, చిన్న తీసేస్తే ఊరే లేదు.

పేర్లు ఇలా మళ్లీ మళ్లీ ఎందుకు వస్తాయన్నదానికి ఒక కారణం చెరువులు. వానలు తక్కువ పడే నేల మీద చెరువు తవ్వించడం కంటే పెద్ద పుణ్యం లేదు. తవ్వించినవాళ్ల పేరు చెరువుకు, చెరువు పేరు ఊరికి వచ్చేది. విజయనగర రాజు బుక్కరాయల పేరు అనంతపురం పక్కన బుక్కరాయసముద్రంలో ఉంది, పుట్టపర్తి దగ్గర బుక్కపట్నంలో ఉంది. అనంతపురం పేరే అనంతసాగరం అనే చెరువుతో ముడిపడి ఉంది. అనంతరసు అనే విజయనగర మంత్రి పేరు అని కొందరు, అనంతమ్మ పేరు అని కొందరు చెబుతారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువుకు 1369 నాటి శాసనం ఉంది, చెరువు కట్టడానికి ఎలాంటి నేల, ఎలాంటి రాయి ఉండాలో చెప్పే అపురూపమైన శాసనం. ఆ చెరువు పేరు అనంతరాజసాగరం. నెల్లూరు జిల్లాలో అనంతసాగరం పేరుతో మండలమే ఉంది. కేరళ రాజధాని తిరువనంతపురంలోనూ అనంతుడున్నాడు, కానీ అక్కడ ఆయన పద్మనాభస్వామికి పాన్పైన ఆదిశేషుడు.

నదుల దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. ఊరు ఒకచోట ఉంటుంది, నది జిల్లాలు దాటి, రాష్ట్రాలు దాటి, భాష మారినచోటల్లా పేరు మార్చుకుంటూ పోతుంది. కర్ణాటకలో వేదవతి అనుకున్నది అనంతపురం జిల్లాలో హగరి అవుతుంది. భైరవానితిప్ప ప్రాజెక్టు దాని మీదిదే. ఇది ఒకే నదికి రెండు పేర్లు. పెన్న విషయంలో రెండు నదులకు ఒకే పేరు, అందులో ఒక్కో నదికి మళ్లీ మూడేసి పేర్లు.

మన పెన్న కర్ణాటకలో చిక్కబళ్లాపురం దగ్గర నందికొండల ప్రాంతంలో పుట్టి, 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. కన్నడిగులకు అది ఉత్తర పినాకిని. సీమ జనానికి పెన్న, పెన్నేరు. ఇంజనీర్ల కాగితాల్లో పెన్నార్. అందుకే పేరూరు డ్యామ్ అప్పర్ పెన్నార్ అయింది, పెనకచర్ల డ్యామ్ మిడ్ పెన్నార్ అయింది. అదే నందికొండల ప్రాంతంలో పుట్టే ఇంకో నది దక్షిణ పినాకిని. అది బెంగళూరు పక్కగా, హోసూరు మీదుగా తమిళనాడులోకి పోయి, తెన్‌పెణ్ణై అనే పేరుతో కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడా అధికారుల భాషలో పెన్నారే, కాకపోతే సౌత్ పెన్నార్.

దీనివల్ల జరిగేదేమిటంటే, "పెన్నార్ జల వివాదం సుప్రీంకోర్టులో" అన్న వార్త కనబడగానే మిడ్ పెన్నార్ ఆయకట్టు రైతుకు టెన్షన్ మొదలవుతుంది. ఆ వివాదం తమిళనాడు, కర్ణాటకల మధ్య దక్షిణ పినాకినిది. దాని ఉపనది మార్కండేయ మీద కోలారు జిల్లాలో కర్ణాటక కట్టిన ఆనకట్ట గురించి 2018లో తమిళనాడు కోర్టుకెక్కింది. అనంతపురం, కడప జిల్లాల్లో పారే పెన్నకు దానితో సంబంధం లేదు. ఒక్క "దక్షిణ" అన్న మాట రాసి ఉంటే ఆ రైతు ఆ పూట నిశ్చింతగా అన్నం తినేవాడు. వార్తలు రాసేవాళ్లకు ఇదేమంత కష్టమైన పని కాదు.

పెన్నలో కలిసే ఏర్లలో చెయ్యేరు ఇంకో చిక్కుముడి. రాజంపేట, నందలూరు వైపు పారే ఈ ఏటికి బాహుదా అనే పౌరాణిక నామం ఉంది. దాని ఎగువ పాయల్లో ఒకదానికీ బాహుదా అనే పేరే. చిత్తూరు జిల్లా కాణిపాకం పక్కన పారేదీ బాహుదానే. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గర ఇంకో బాహుదా, అది ఒడిశా నుంచి వస్తుంది. తెగిన చేతులు తిరిగి ఇచ్చిన నది అన్న శంఖలిఖితుల కథను కాణిపాకంలో చెప్పుకుంటారు. చెయ్యేరు అన్న పేరులో కూడా ఆ చెయ్యే ఉంది. ఇక తమిళనాడులో పాలారులో కలిసే చెయ్యారు వేరు, దాని ఒడ్డున అదే పేరుతో ఒక పట్టణం కూడా ఉంది. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయింది మాత్రం మన చెయ్యేటి మీద.

నల్లమలలో భవనాశి రెండు చోట్ల ఉంది. అహోబిలంలో కొండల నడుమ దూకే భవనాశిని ఒకటి. సంగమేశ్వరం దగ్గర కలిసే ఏడు నదుల్లో మగనదిగా చెప్పుకునే భవనాశి ఇంకొకటి. సంగమేశ్వరం అన్న పేరు కూడా ఒక్కరి సొత్తు కాదు. కృష్ణ, తుంగభద్ర కలిసే కూడవెల్లి దగ్గరి సంగమేశ్వరాలయాన్ని శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లొస్తాయని విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. కృష్ణ, మలప్రభ కలిసేచోట కర్ణాటకలో కూడల సంగమం ఉంది, బసవన్న నడయాడిన చోటు. నదులు కలిసిన ప్రతిచోటా శివుడు సంగమేశ్వరుడే కాబట్టి ఈ పేరు పెరుగుతూనే ఉంటుంది.

పైనున్న ఊళ్లూ ఏర్లూ సరే, సీమలో కాళ్ల కిందున్న రాళ్లకు కూడా అవే పేర్లు. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లో కడప, కర్నూలు శిలల మీద పెద్ద నివేదిక రాశాడు. అప్పటినుంచి ఇక్కడి రాతిపొరలను ఇక్కడి పేర్లతోనే పిలుస్తున్నారు. పాపఘ్ని సముదాయం, చిత్రావతి సముదాయం అన్నవి ఏర్ల పేర్లు. వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట, బనగానపల్లె, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల అన్నవి ఊళ్ల పేర్లు. పాలకోవాకు పేరుపడ్డ గువ్వలచెరువు ఆ లెక్కల్లో గుల్చేరు అయింది. తుమ్మలపల్లె యురేనియం ఉన్నది వేంపల్లె పొరలోనే. భూగర్భ శాస్త్రం పుస్తకంలో తాడిపత్రి అని చదివితే అది ఊరు కాదు, ఊరికి చాలా దూరం దాకా పరుచుకున్న పొర. ముంబైలో వంటింటి గట్టుకు వేసే నల్లబండను కడప్పా అంటారు. అక్కడివాళ్లలో చాలామందికి కడప అంటే ఊరని తెలియదు, రాయనే తెలుసు.

ఊరూ ఏరూ దేవుడూ మనిషీ ఒకే పేరు పంచుకోవడం చూడాలంటే మద్దిలేటి దగ్గరికి రావాలి. మద్ది ఏటి ఒడ్డున పెరిగే చెట్టు. మద్దిలేరు అనే పేరు ఒకచోటే పుట్టి ఉండాల్సిన పని లేదు. నంద్యాల పట్టణంలో గట్టి వాన పడితే భయపెట్టే మద్దిలేరు వాగు ఒకటి. కదిరి, ముదిగుబ్బ వైపు పారే మద్దిలేరు ఇంకొకటి, యోగి వేమన జలాశయం కట్టింది దాని మీదే. బేతంచెర్ల దగ్గర రంగాపురం కొండల్లో మూడోది. ఎవరి వంకకు వాళ్లు పేరు పెట్టుకున్నారు. ఒక పగలు నడిస్తే చేరేంత దూరం దాటి ఆ పేరు పోవాల్సిన అవసరం ఆనాడు లేదు కాబట్టి గొడవ రాలేదు.

రంగాపురం దగ్గరి ఆ వాగు ఒడ్డున వెలిసిన నరసింహస్వామి మద్దిలేటి స్వామి అయ్యాడు. ఆయనకు మొక్కుకుని పుట్టిన పిల్లలు మద్దిలేటి, మద్దయ్య, మద్దిలేటమ్మ అయ్యారు. కర్నూలు, నంద్యాల జిల్లాల్లో ఏ బడికి పోయి హాజరుపట్టీ తెరిచినా ఈ పేరు తగులుతుంది. చెట్టు పేరు ఏటికి, ఏటి పేరు దేవుడికి, దేవుడి పేరు మనిషికి వచ్చిందన్నమాట.

మిగతా పేర్లదీ ఇదే దారి. అహోబిలం జనం నోట ఓబులం అయింది, దాన్నుంచి ఓబులేసు, ఓబుల్ రెడ్డి, ఓబయ్య, ఓబన్న, ఓబులమ్మ. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరులోనూ, ఆయన వెంట నిలిచిన వడ్డె ఓబన్న పేరులోనూ ఉన్నది ఆ నరసింహుడే. ఉరవకొండ దగ్గర పెన్న ఒడ్డున వెలిసిన నరసింహస్వామి క్షేత్రానికి పెన్నహోబిలం అని పేరు. నది పేరూ క్షేత్రం పేరూ కలిసి, రెండో అహోబిలాన్ని మొదటిదాని నుంచి వేరు చేసి చూపిస్తున్నాయి. కౌతాళం మండలం ఉరుకుందలో ఈరన్నస్వామి ఉన్నాడు. ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఈరన్నలు ఎంతమందో, ఊరి పేరునే పెట్టుకున్న ఉరుకుందప్పలు, ఉరుకుందమ్మలు అంతమంది. అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో మొహర్రంకు కుళ్లాయిస్వామి పీరు లేస్తుంది. ఆ స్వామి పేరున పుట్టిన కుళ్లాయప్పలు, కుళ్లాయమ్మలు హిందువుల ఇళ్లలో లెక్కలేనంత మంది. దస్తగిరి, మస్తాన్, హుస్సేనప్ప అన్న పేర్లు కూడా ఇలా మతం గడప దాటి వచ్చినవే. పేరు చూసి కులమో మతమో చెప్పబోతే సీమలో తప్పులో కాలేసినట్టే. ఇంత మంచి సంగతిని ఇంకెంతో గర్వంగా చెప్పుకోవాలి.

సంజీవుడి పేరు ఇంకో రకం. రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో ముఖ్యమంత్రి అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి. 1960లో ఆయన దిగి కర్నూలు జిల్లా పెద్దపాడుకు చెందిన దామోదరం సంజీవయ్య వచ్చారు. 1962లో మళ్లీ సంజీవరెడ్డి. వరుసగా మూడు ప్రభుత్వాలూ పక్కపక్క జిల్లాల సంజీవులవే. చరిత్ర చదివే పిల్లలు ఈ ఇద్దరినీ ఇప్పటికీ కలిపేసుకుంటారు. విడదీసేవి ఇంటి పేర్లే.

మనుషుల పేర్ల చిక్కు అన్నిటికంటే ఎక్కువగా భూమి కాగితాల్లో బయటపడుతుంది. ఇంట్లో మొదటి మగబిడ్డకు జేజినాయన పేరు పెట్టడం ఆనవాయితీ. అన్నదమ్ములకు ఒకే దేవుడి పేరు పెట్టి పెద్ద, నడిపి, చిన్న అని పిలుచుకోవడం ఇంకో ఆనవాయితీ. ఈ రెండూ ఒకే ఇంట్లో కలిస్తే ఏమవుతుందో చూడండి. జేజినాయన ఓబుల్ రెడ్డి. కొడుకులు పెద్ద సుబ్బారెడ్డి, చిన్న సుబ్బారెడ్డి. ఇద్దరికీ పుట్టిన మొదటి కొడుకుల పేర్లు ఓబుల్ రెడ్డి, ఓబుల్ రెడ్డి. ఊళ్లో ఎవరికీ అనుమానం లేదు, ఒకడు పెద్దాయన కొడుకు, ఒకడు చిన్నాయన కొడుకు. ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే రెవెన్యూ రికార్డు 1బీ లో ఎక్కేటప్పుడు మాత్రం "ఓబుల్ రెడ్డి, తండ్రి సుబ్బారెడ్డి" అని రెండుసార్లు పడుతుంది. ఇంటి పేరు ఒకటే, ఊరు ఒకటే, పొలాలు కూడా పక్కపక్కనే. ఇద్దరినీ వేరు చేసేది ఖాతా నంబరు ఒక్కటే. అది ఒక్క అంకె తప్పు పడితే ఒకరి పంట నష్టం డబ్బు ఇంకొకరి బ్యాంకు ఖాతాలోకి పోతుంది. బాగున్న అన్నదమ్ముల పిల్లల మధ్య కక్షలు రేగడానికి అంతకంటే ఏం కావాలి?

పెద్ద, చిన్న అన్నవి ముద్దుపేర్లని, కాగితంలో అక్కర్లేదని కొట్టేయడం ఇక్కడ జరిగే తప్పు. దాన్ని పొడి అక్షరంగా కుదించడం ఇంకో తప్పు. చిన్న ఓబులేసు "సి. ఓబులేసు" అవుతాడు, పెద్ద ఓబులేసు "పి. ఓబులేసు" అవుతాడు. ఆ అక్షరం చూసి ఇంకో ఆఫీసులో అది ఇంటి పేరు అనుకుంటారు. నంద్యాల ఎంపీగా, కేంద్ర మంత్రిగా చేసిన పి. వెంకటసుబ్బయ్య పేరులో పి అంటే పెండేకంటి, ఇంటి పేరు. అదే సీమలో ఇంకో పి. వెంకటసుబ్బయ్య పేరులో పి అంటే పెద్ద కావచ్చు. చూసేవాడికి తేడా తెలిసే వీలే లేదు.

ఎన్నికల చట్టం మాత్రం ఈ సంగతి ముందే గ్రహించింది. ఇద్దరు అభ్యర్థులకు ఒకే పేరుంటే వృత్తినో, నివాసాన్నో, ఇంకేదైనా గుర్తునో జోడించి వేరు చేయాలని ఎన్నికల నిర్వహణ నిబంధనల్లోనే ఉంది. పెద్ద నాయకుడి పేరే ఉన్న మనిషిని వెతికి తెచ్చి స్వతంత్రుడిగా నిలబెట్టి ఓట్లు చీల్చే ఎత్తుగడకు అది చాలలేదు. అందుకే 2015 నుంచి ఓటింగ్ యంత్రం మీద అభ్యర్థి ఫొటో కూడా పెడుతున్నారు. ఊరు జోడించి, వృత్తి జోడించి చెప్పడం పల్లెలు ఎప్పటినుంచో చేస్తున్న పనే. చట్టం అదే పద్ధతిని తీసుకుంది.

నంబర్లు వచ్చాక చాలా గొడవ తగ్గిందన్నది కూడా నిజం. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది. అనంతపురం వైపు 515, కడప వైపు 516, కర్నూలు వైపు 518 తో మొదలవుతాయి, నెల్లూరు వైపు 524. కర్నూలు, అనంతపురం, నెల్లూరు వైపు ఆత్మకూర్లలో దేనికి రాసినా, ఉత్తరం మీద మొదటి మూడంకెలు సరిగా ఉంటే అది దారి తప్పదు. రైల్వే ప్రతి స్టేషన్‌కూ విడి కోడ్ ఇచ్చింది, కడపకు హెచ్‌ఎక్స్, ఎర్రగుంట్లకు వైఏ. కర్నూలుకు, నాగర్‌కర్నూలుకు ఇలాంటి విడి గుర్తు చాలా అవసరం. రెండు ఊళ్లకూ కందనూలు, కందనవోలు అన్న పాత పేర్లు వాడుకలో ఉన్నాయి, నాగర్‌కర్నూలును తెలంగాణ పత్రికలు ఇప్పటికీ కందనూలు అని రాస్తుంటాయి. కర్నూలు వార్త అనుకుని చదవడం మొదలుపెడితే సగంలో గానీ అది నాగర్‌కర్నూలు సంగతని తెలియదు.

కానీ నంబరు తెలిసేది యంత్రానికి. అర్జీ రాసే చేతికి, చదివే గుమాస్తాకు కనబడేది పేరే. కాబట్టి పాసుపుస్తకంలో పెద్ద, చిన్న, నడిపి అన్న మాటలను పొడి అక్షరం చేయకుండా పూర్తిగా రాయించుకోవాలి. ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో, 1బీ లో ఆ మాట ఒకే తీరుగా ఉండేట్టు చూసుకోవాలి. తండ్రి పేరుకు కూడా అదే వర్తిస్తుంది, ఎందుకంటే జేజినాయన పేర్లు కలిసే ఇళ్లలో మనుషుల్ని విడదీసేది తండ్రి పేరు ముందున్న మాటే. తేడా ఉంటే సచివాలయంలోనో మీసేవలోనో సవరణకు అర్జీ పెట్టుకోవచ్చు. పొలం అమ్మకమో భాగపరిష్కారమో ముందుకొచ్చాక కాకుండా, జేజినాయన పేరు పెట్టుకున్న ఇద్దరు మనవళ్లూ మాట్లాడుకునే రోజుల్లోనే ఆ పని చేసుకుంటే ఇద్దరి సంతకాలూ సులువుగా దొరుకుతాయి.